ఎనిమిది వందలు ఇంటూ ఆరు వందలు

కెనడాలోని సర్రీలో మా కాలేజీ ఒక తివాచీల దుకాణం పైన ఉండేది. కింద చుట్టలు చుట్టి నిలబెట్టిన కార్పెట్లు, పైన మేము. ఇంటికి పంపే ఫొటోల్లో ఆ దుకాణం బోర్డు పడకుండా నిలబడటం మేమందరం మొదటి వారంలోనే నేర్చుకున్న విద్య. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక విమానాల నిండా విద్యార్థులే దిగిన కాలం అది. క్లాసులో కుర్చీ దొరకాలంటే ముందు బస్సుకే రావాలి. టైంటేబుల్లో ల్యాబ్ అని రాసి ఉన్న గదిలో కంప్యూటర్లు ఉండేవి కావు. బల్లలు, ప్లగ్గులు ఉండేవి. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు మోసుకురావాలి.

నేను కరీంనగర్ నుంచి వెళ్లాను. హైదరాబాదులో రెండేళ్లు కాల్ సెంటర్లో చేసి, ఇక ఆ హెడ్‌సెట్ పెట్టుకోలేక ఈ సిస్టమ్స్ డిప్లొమాలో చేరాను. వారంలో మూడు రోజులు క్లాసులు. మిగతా రోజులు ఫ్రోజెన్ కూరగాయల గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని. రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా వేళ్ల కొసలు పగిలేవి. కీబోర్డు మీద టైపు చేస్తుంటే కొన్ని అక్షరాల దగ్గర చురుక్కుమనేది.

నాతో బేస్‌మెంట్ గది పంచుకున్నావిడను అక్కా అని పిలిచేదాన్ని. నంద్యాల దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు లెక్కలూ కంప్యూటర్లూ చెప్పిన టీచరు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ విద్యార్థి అయి, తన దగ్గర చదివిన పిల్లల వయసు వాళ్ల మధ్య కూర్చునేది. భర్త, ఎనిమిదేళ్ల కూతురు నంద్యాలలో వీసా కోసం చూస్తున్నారు. అక్క ఇక్కడ ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉండటం మీదే వాళ్ల అప్లికేషన్ ఆధారపడి ఉంది. ఒక్క సబ్జెక్టు పోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు, ఎందుకంటే ఆమె ఫారాలన్నీ ఆన్‌లైన్లో నింపిపెట్టింది నేనే.

గిడ్డంగి నుంచి మొదటిసారి పగిలిన చేతులతో వచ్చినప్పుడు అక్క నన్ను కూర్చోబెట్టి ఒక్కో వేలికీ వాజిలిన్ రాసింది. విండోస్ లాంటిదే అయిన లినక్స్ నాకు నేర్పింది కూడా ఆమే. సారు గంటన్నరలో చెప్పి వెళ్లిపోయిన పాఠాన్ని ఇంటికొచ్చాక పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మలు గీసి చెప్పేది. ఏ ఫైలు ఎవరు చదవచ్చు, ఎవరు మార్చచ్చు అన్నది ఒక ఇంటి తాళాలతో పోల్చి చెప్పింది. ఆ రోజు అర్థమైనది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

కానీ ఒకసారి మా క్లాసు అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చినప్పుడు, అందరి ముందూ నవ్వుతూ అంది.

"ఈ పాప కమాండ్లన్నీ బట్టీ పడ్తాది. ఎందుకు పనిచేస్తాదో మాత్రం అడగదు."

వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నిజం. నిజం కాబట్టే నన్ను వదల్లేదు. పెట్టెలు సర్దుతుంటే గుర్తొచ్చేది, బస్సులో గుర్తొచ్చేది. ఆమె అది అన్న మరునిమిషమే మర్చిపోయి ఉంటుంది.

ఆ టర్ములో మా ముఖ్యమైన సబ్జెక్టు లినక్స్. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటుంది కదా, దాని లోపల ఒక కిటికీలాంటి పెట్టెలో ఇంకో కంప్యూటర్ నడుస్తుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. కాలేజీ వాళ్లు లినక్స్ అంతా ముందే ఎక్కించిన ఒక పెద్ద ఫైలు ఇచ్చారు. దాన్ని తెరిస్తే చాలు, లోపలి కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. అందరికీ అలాగే లేచింది. కానీ మాలో చాలామందికి దాని తెర ఎనిమిది వందలు ఇంటూ ఆరు వందల దగ్గర బిగుసుకుపోయింది. అడ్డం ఎనిమిది వందల చుక్కలు, నిలువు ఆరు వందలు. పాతికేళ్ల కిందటి ఇంటర్నెట్ సెంటర్ మానిటర్ అంత. కిటికీని మూలలు పట్టుకుని లాగితే చుట్టూ నల్లటి ఖాళీ పెరిగేది తప్ప తెర పెరిగేది కాదు. సెట్టింగుల్లోకి వెళ్తే వేరే కొలతే లేదు, ఆ ఒక్కటే. కొందరి ల్యాప్‌టాపుల్లో మాత్రం దానంతట అదే పెద్దదయ్యేది. ఎందుకో ఎవరికీ తెలియదు.

మామూలు పాఠాలకు దాంతో నెట్టుకొచ్చాం. పరీక్షకు వారం ముందు సారు మాక్ టెస్ట్ పెట్టినప్పుడు అసలు కష్టం తెలిసింది. పరీక్ష ప్రోగ్రాం ఆ లినక్స్ లోపలే తెరుచుకుంటుంది. ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు, అన్నిటికీ అడుగున సబ్మిట్ బటన్. ఆ అడుగు భాగం మా తెరలో లేదు. కిందికి జరపడానికి పట్టీ కూడా పెట్టలేదు. బటన్ ఉందని తెలుసు, కనిపించదు.

క్లాసులో అక్కే చెయ్యెత్తి అడిగింది. మా సారు మూడు కాలేజీల్లో పార్ట్‌టైం చెప్పేవాడు. కోటు విప్పకుండానే పాఠం చెప్పి, కారు తాళాలు చేతిలో పట్టుకునే సందేహాలు తీర్చేవాడు. కంప్యూటర్ అడ్మిన్ ఉద్యోగం అంటేనే వెతుక్కోవడం, వెతుక్కోండి, కిందటి బ్యాచ్ వాళ్లు ఏదో చేసుకున్నారు కదా అన్నాడు. తాము ఇచ్చిన ఫైల్లో అప్‌డేట్లు చేస్తే పరీక్ష ప్రోగ్రాం ఒప్పుకోదు కాబట్టి దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. ఈ ప్రాక్టికల్‌లో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్లను వచ్చే టర్ము ల్యాబ్ అసిస్టెంట్‌గా తీసుకుంటారట.

గిడ్డంగిలో కాకుండా వెచ్చటి గదిలో, కుర్చీలో కూర్చుని చేసే పని. రెజ్యూమెలో రాసుకోగలిగిన పని. అప్పటిదాకా చిన్న పరీక్షల్లో మొదటి రెండు స్థానాలు అక్కవీ నావీ. ఎప్పుడూ అదే వరుసలో.

ఆ శనివారం గిడ్డంగి సెలవు. పొద్దున్నే పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, కిటికీ పక్కన బల్ల చూసుకుని కూర్చున్నాను. ఇంటర్నెట్లో అందరూ చెప్పిన మొదటి మందు ఒకటే. లోపలి లినక్స్‌లో ఒక డ్రైవర్ల కట్ట ఎక్కించాలి, అప్పుడు బయటి కిటికీ ఎంత ఉందో లోపలి తెరకు తెలుస్తుంది. ఎక్కించబోయాను, ఫెయిల్. మళ్లీ ఎక్కించాను, మళ్లీ ఫెయిల్. మూడోసారి, జీవితంలో మొదటిసారి, ఎర్రగా వచ్చిన ఆ లైనును కాపీ చేసి వెతికే ముందు నిదానంగా చదివాను. ఆ డ్రైవర్ల కట్ట తయారవ్వాలంటే లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్‌కు సరిపోయే కొన్ని ఫైళ్లు, హెడర్లు అనేవి, కావాలట. మా కాలేజీ ఇచ్చిన కర్నెల్ ఎంత పాతదంటే దానికి సరిపోయే ఫైళ్లను సర్వర్ల మీద నుంచి ఎప్పుడో తీసేశారు. కొత్త కర్నెల్ వేసుకోవద్దని సారు ఆజ్ఞ. అంటే ఆ దారి మూసుకుపోయింది. మూసింది కాలేజీయే.

ఎందుకు పనిచేయడం లేదో తెలిశాక వెతకాల్సింది మారిపోయింది. డ్రైవర్లు లేకుండా తెర పెద్దది చేసే దారి ఉందా? మధ్యాహ్నానికి దొరికింది. మెషీన్ ఆపి, బయటి సెట్టింగుల్లో డిస్‌ప్లే రకం మార్చి, దానికిచ్చే మెమరీ పెంచాలి. లాగిన్ దగ్గర మూలన ఉన్న చిన్న చక్రం నొక్కి పాత రకం డెస్క్‌టాప్ ఎంచుకోవాలి, కొత్త రకం మన మాట వినదు. తరువాత మూడు కమాండ్లు. ఒకటి మనక్కావలసిన కొలత తయారు చేస్తుంది, రెండోది దాన్ని జాబితాలో చేరుస్తుంది, మూడోది తెరకు తొడుగుతుంది. మూడోది కొట్టి ఎంటర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడింది. పాడుచేశాననుకున్నాను. మరుక్షణం ల్యాప్‌టాప్ అంచుల దాకా విచ్చుకుంది. మాక్ టెస్ట్ తెరిచాను. అడుగున, అంత హంగామా చేసిన ఆ సబ్మిట్ బటన్, నీలం రంగులో, చాలా మామూలుగా ఉంది.

ఆనందం పట్టలేక స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. బట్టీ పట్టకుండా నేను సాధించిన మొదటి పని అది. లైబ్రరీ నుంచి ఇంటికి నడుస్తున్నంతసేపూ అక్కకు ఎలా చెప్పాలా అనే ఆలోచిస్తున్నాను. ముందు చెప్పేయాలనే అనుకున్నాను. ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్పి, ఆమె ముఖం చూడాలనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆ ల్యాబ్ కుర్చీ గుర్తొచ్చింది. రేపు చెప్దాంలే అనుకున్నాను.

మరునాడు ఆదివారం పొద్దున అక్క వాషింగ్ మెషీన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి కుస్తీ పడుతోంది. బట్టలు తిరుగుతుంటే ల్యాప్‌టాప్ వణుకుతోంది.

"పాపా, నీకన్నా వచ్చిందా ఈ తెర?"

"లేదక్కా. నాది గూడ అట్లనే ఉంది."

అంత తేలిగ్గా వచ్చింది నోటినుంచి. ఆమె తల కూడా ఎత్తలేదు, అంత నమ్మకం.

"ఎర్రగా ఏందో వస్తాండాదే, హెడర్లో ఏందో. చూసినావా?"

"చూసిన. ఏం అర్థం కాలే."

ఒక అబద్ధం ఆడితే దాన్ని కాపాడుకోవడం ఎంత పనో ఆ వారమంతా తెలిసింది. ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచే ముందు నా తెరను మళ్లీ ఎనిమిది వందలకు కుదించుకునేదాన్ని. అక్క పక్కన కూర్చుని, నేనూ ఆ ఇరుకులోనే ప్రాక్టీసు చేస్తున్నట్టు, మధ్యమధ్య విసుక్కునేదాన్ని కూడా. లైబ్రరీకి వెళ్లి పెద్దది చేసుకుని అసలు ప్రాక్టీసు చేసేదాన్ని.

బుధవారం సాయంత్రం అక్క హుషారుగా వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"కనపడకపోతే ఏంలే. చూడు, ఆఖరి జవాబు రాసినాక ఏడుసార్లు ట్యాబ్ నొక్కు, ఒక్కో నొక్కుకు ఒక్కో గడి దాటుతాది. ఎంటర్ కొట్టు. సబ్మిట్ అయిపోతాది. నాలుగుసార్లు చేసి చూసినా, నాలుగుసార్లూ పోయింది. నువ్వూ రాసుకో. ఏడు."

తనకు తెలిసింది వెంటనే తెచ్చి నాకిచ్చింది. నేను పుస్తకంలో ఏడు అని రాసుకున్నాను, ఆమె చూస్తుండగా. ఆ రోజు నాకు ఎంత తెరిపిగా అనిపించిందో చెప్పలేను. ఆమెకూ ఒక దారి దొరికింది, ఇక నేను చెప్పకపోయినా ఫరవాలేదు. అలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరీక్ష గురువారం మధ్యాహ్నం. బయట సర్రీ వాన, సన్నగా, ఆగకుండా. యాభై ల్యాప్‌టాపుల వేడికి కిటికీ అద్దాలు మసకబారాయి. అక్క నాకు రెండు వరుసల ముందు, కొంచెం ఎడమగా కూర్చుంది. ఆమె తెర నాకు కనిపిస్తోంది. నేను నా తెరను పెద్దది చేసుకున్నాను. ఇక్కడ దాచాల్సిన అవసరం లేదు, ఆమె వీపు నావైపు ఉంది.

జవాబులు నాకు తొందరగానే అయిపోయాయి. సబ్మిట్ చేయబోతూ చూశాను. అడుగున ఒక బటన్ కాదు, రెండున్నాయి. మాక్ టెస్టులో లేని కొత్త బటన్ ఒకటి సబ్మిట్‌కు ముందు చేర్చారు. క్లియర్ అని ఉంది. రాసిందంతా తుడిచేసే బటన్.

ఏడుసార్లు ట్యాబ్ కొడితే ఇప్పుడు ఏది తగులుతుందో లెక్కపెట్టడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

అక్క ఇంకా రాస్తోంది. ఆమె చివరి ప్రశ్నకు రావడం నాకు కనిపిస్తోంది. గడియారంలో పది నిమిషాలున్నాయి. లేచి నిలబడి సారూ, ఇక్కడ కొత్త బటన్ ఉంది, చాలామందికి కనిపించడం లేదు, అందరికీ చెప్పండి అంటే చాలు. దాన్ని కాపీ కొట్టడం అనరు. అయినా పరీక్షలో మాట్లాడకూడదు అన్న రూలును ఆసరా చేసుకున్నాను. అక్క సరిగ్గా కూర్చుంది. కుడిచేత్తో కళ్లజోడు సర్దుకుంది. ఎడమచేతి వేలు ట్యాబ్ మీద పడటం చూశాను. పెదవులు కదలడం పక్క నుంచి కనిపించింది. లెక్కపెడుతోంది. తరువాత ఎంటర్.

ఆమె తెర తెల్లగా అయిపోయింది.

ఆమె చెయ్యెత్తింది. సారు నిదానంగా వచ్చాడు. ఆమె ఇంగ్లీషులో, టీచర్లు మాట్లాడే స్పష్టమైన ఇంగ్లీషులో, రాసిందంతా పోయిందని చెప్పింది. అతను వంగి చూశాడు. ఆమె తెరలో సగం ప్రశ్నాపత్రమే ఉండటం చూశాడు. మీ మెషీన్‌ను సిద్ధం చేసుకోవడం మీ బాధ్యత అన్నాడు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, రాయగలిగినంత రాయమన్నాడు. ఆమె రాసింది. నేను అప్పుడు సబ్మిట్ నొక్కాను. చూసుకుని, సరైన దాన్నే నొక్కాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అక్క ఒడిలో చేతులు పెట్టుకుని వేళ్లు మడుస్తోంది.

"ఏడే గదా నొక్కినా. ఆరు నొక్కినానేమో. లేక ఎనిమిదా? నీది సబ్మిట్ అయిందా?"

"ఏదో అయిందక్కా. నాకు గూడ సరిగ్గ కనిపించలే."

"పోనీలే. నీదన్నా అయింది."

రిజల్ట్స్ వచ్చాయి. నాకు అందరికంటే ఎక్కువ. అక్క ఫెయిల్. అడుగు కనిపించక ఇంకా చాలామంది ఫెయిలయ్యారు. అక్క ఆఫీసుకు వెళ్లి అడిగింది. అప్పీలు ఫారం ఇచ్చారు, పది పనిదినాల్లోగా ఆధారాలతో ఇవ్వాలన్నారు. ఆధారం ఏమిటి? తెర చిన్నదిగా ఉందని ఆమె చెప్పగలదు. కాలేజీ ఇచ్చిన ఫైలు వల్లే అలా ఉందని చెప్పాలంటే ఎందుకో తెలియాలి. అది తెలిసిన మనిషి ఆమె మంచానికి నాలుగడుగుల దూరంలో పడుకుంటోంది. నేను నోరు విప్పలేదు. చెబితే ఎప్పుడు తెలిసిందని అడుగుతుంది. ఏం ఆధారం పెట్టాలో తేల్చుకోలేక ఆమె ఆ ఫారాన్ని పుస్తకంలో పెట్టుకుని తిరిగింది.

నాకు ల్యాబ్ అసిస్టెంట్ పని ఇచ్చారు. గిడ్డంగి మానేశాను. సారు అప్పగించిన మొదటి పని, ఈ తెర సమస్యకు ఒక పేజీ సాయం రాయమని. ఫిర్యాదులు ఎక్కువయ్యాయట. రాశాను. బాగా రాశాను. ఏది ముందు, ఏది తరువాత, ఎందుకు అన్నీ రాశాను. ఒక బొమ్మ కూడా ఉంటే బాగుంటుందని, నా దగ్గర ఉన్న స్క్రీన్‌షాట్ అతికించి క్లాసు పేజీలో పెట్టించాను. కింద రాసిన వాళ్ల పేరు ఉండాలన్నాడు సారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వంలో ఆ బొమ్మను సరిగ్గా చూసుకోలేదు.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి అక్క వంటగట్టు దగ్గర బెండకాయలు తరుగుతోంది. ల్యాప్‌టాప్ పక్కన తెరిచి ఉంది.

"నువ్వు రాసింది చదివినా. నాది గూడా సరిగ్గా అయింది. చూడు."

చూశాను. ఆమె తెర అంచుల దాకా నిండుగా ఉంది.

"బాగా రాసినావు. అర్థమయ్యేట్టు రాసినావు."

ఆమె కత్తి కింద పెట్టి, తడి వేలు తెరకు తగలకుండా కొంచెం దూరంగా పట్టుకుని, నా బొమ్మలో పైన చూపించింది. లినక్స్ డెస్క్‌టాప్‌లో పై పట్టీ మధ్యలో తారీఖు, టైము ఉంటాయి. శనివారం, మధ్యాహ్నం. పరీక్షకు ముందు శనివారం.

"ఆదివారం నేను అడిగినా నిన్ను. వాషింగ్ మెషీన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకోని."

"అక్కా..."

"అవునా కాదా?"

"అవును."

ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. అది అడుగుతుందని నేను అనుకోలేదు.

"అయితే పరీక్షలో నీకు ఆ కొత్త బటన్ గూడా కనపడింటాది."

తల ఊపాను.

"నేను ఏడు కొడతానని నీకు తెలుసు."

"భయమైందక్కా. మాట్లాడితే నన్ను గూడ..."

"నేనేమీ అనలేదు గదా, సాకులెందుకు చెప్తావు," అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పదకొండేండ్లు పిల్లోల్లకు చెప్పినా. తెలిసింది ఒక్కరోజు గూడా దాచిపెట్టల్యా. నీ స్థానంలో నేనుంటే చెప్పిందునా అని పొద్దున్నుంచి ఆలోచన చేస్తాండా. చెప్పిందును. ఆ ఉద్యోగం నాకూ కావాల. అయినా చెప్పిందును."

ఆ తరువాత బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. ఆ పూట కూర ఇద్దరికీ చేసింది. నా కంచం ఎప్పటిలా బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

ఆ రోజే కూర్చుని ఉత్తరం రాశాను. కాలేజీ ఇచ్చిన ఫైల్లో కర్నెల్ పాతదని, దానికి కావలసిన ఫైళ్లు ఎక్కడా దొరకవని, అప్‌డేట్ చేయవద్దన్నది కాలేజీ నిబంధనేనని, మాక్ టెస్టులో లేని బటన్ పరీక్షలో చేర్చారని, కాబట్టి ఇది విద్యార్థి తప్పు కాదని. నా పేరు, నా పని కింద రాసి సంతకం పెట్టాను. అక్క దాన్ని చదివి, కవరులో పెట్టుకుని, మరునాడు ఆఫీసుకు తీసుకెళ్లింది. కౌంటర్లో అమ్మాయి ఫారం మీద తేదీ చూసి, పది పనిదినాలు దాటి రెండు రోజులైందని, తీసుకోవడం కుదరదని వెనక్కి ఇచ్చేసింది. ఉత్తరం విప్పి కూడా చూడలేదట.

నేను సారును కలిశాను. ఉత్తరం ఆయన చదివాడు. నువ్వు చెప్పింది టెక్నికల్‌గా కరెక్టే అన్నాడు. గడువు తన చేతిలో లేదన్నాడు. నా మీద కోపం తెచ్చుకుంటాడనీ, ఈ పని పోతుందనీ, అదైనా నాకు తగిన శాస్తి అవుతుందనీ అనుకుని వెళ్లాను. ఏమీ కాలేదు. ఇంకో టర్ముకు కూడా నన్నే ఉంచారు. కొత్త బ్యాచ్‌కు కాలేజీ కొత్త ఫైలు ఇచ్చింది. అందులో కర్నెల్ కొత్తది, డ్రైవర్లు ముందే ఎక్కించి ఉన్నాయి. కిటికీని ఎంత లాగితే తెర అంత పెరిగేది. నేను రాసిన పేజీని ఎవరూ తెరవాల్సిన అవసరం రాలేదు. నేను దాచుకున్న విద్య విలువ సరిగ్గా ఒక్క పరీక్ష.

ఆ సబ్జెక్టు లేకుండా అక్కకు తరువాతి టర్ములో సరిపడా క్లాసులు దొరకలేదు. ఫుల్‌టైమ్ పోయింది. నంద్యాలలో వాళ్ల అప్లికేషన్‌కు జవాబుగా ఆమె ఫుల్‌టైమ్ చదువుతున్నట్టు పత్రం కావాలని వచ్చింది, ఆ పత్రం తేవడం ఆమె చేతిలో లేదు. చివరికి విమానంలో వెళ్లేంత దూరంలో ఉన్న రెజైనా ఊళ్లో ఒక కాలేజీలో మళ్లీ మొదటి నుంచి చేరే ఏర్పాటు చేసుకుంది. ఫారాలు ఈసారి తనే నింపుకుంది. నేను అడిగితే "వద్దులేండి" అంది.

అప్పటికి వారంగా నన్ను మీరు అంటోంది. మొదట నాకు అర్థం కాలేదు, ఎవరితోనో మాట్లాడుతోందనుకున్నాను. "మీ బట్టలు డ్రైయర్లో ఉన్నాయి." "మీకు ఉత్తరం వచ్చింది." పదమూడేళ్లు పెద్దదైన మనిషి, నా వేళ్లకు వాజిలిన్ రాసిన మనిషి. తిట్టి ఉన్నా నాకు ఇంత దూరం అనిపించేది కాదు. పాపా అన్న పిలుపు మళ్లీ నేను వినలేదు.

ఆమె వెళ్లే రోజు పొద్దున సూట్‌కేసు మెట్లమీదికి ఎక్కించడానికి సాయం పట్టాను. వద్దనలేదు. ఎయిర్‌పోర్టు దాకా వస్తానంటే మాత్రం, "స్కైట్రెయిన్‌లో ఒక్కసారి మారితే పోతాదండీ, మీరెందుకు" అంది. బేస్‌మెంట్ తలుపు దగ్గర నిలబడి క్షమించమని అడిగాను. తెలుగులో ఆ మాట ఎప్పుడూ నోటితో అన్నదాన్ని కాదు, నాకే వింతగా వినిపించింది. ఆమె చెప్పులు వేసుకుంటూ, "ట్రైన్‌కు టైమయింది," అంది.

చదువు అయిపోయాక నాకు సర్రీకి దగ్గర్లోని బర్నబీలో ఒక కంపెనీలో సపోర్టు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో, మీరు సొంతంగా పరిష్కరించిన ఒక సమస్య గురించి చెప్పండి అన్నారు. వేరే ఏదీ లేదు నా దగ్గర. ఈ తెర కథే చెప్పాను. కర్నెల్ గురించి, మూడు కమాండ్ల గురించి, క్లాసు అంతటికీ ఉపయోగపడేలా ఒక పేజీ రాయడం గురించి. నలుగురితో పంచుకునే గుణం తమకు చాలా ముఖ్యమని, వాళ్లు మెచ్చుకున్నారు. థ్యాంక్యూ అన్నాను. ఇప్పటికీ ఆ ఉద్యోగమే చేస్తున్నాను.

రెజైనాకు రెండుసార్లు మెసేజ్ పెట్టాను. మొదటిదానికి జవాబు రాలేదు. ఏడాది తరువాత పెట్టినది పెద్దది, జరిగిందంతా ఒప్పుకుంటూ, ఆ బటన్ సంగతితో సహా రాశాను. మూడు రోజులకు జవాబు వచ్చింది.

"మీ మెసేజ్ చూశాను. మావారు, పాప కిందటి నెల వచ్చారు. పాప స్కూల్లో చేరింది. ఇక్కడ చలి ఎక్కువ. మీ ఉద్యోగం ఎలా ఉంది?"

బాగుందక్కా అని రాశాను. చదివినట్టు గుర్తు పడింది. దాని తరువాత ఆమె ఏమీ రాయలేదు, నేనూ రాయలేదు.